బావి మూతి దగ్గరే ఆగిపోయిన చట్టం: భూగర్భ గ్యాస్ నిల్వల భద్రత ఎవరు చూడాలి?

2015 అక్టోబరు 23న లాస్ ఏంజెలెస్ ఉత్తర శివార్లలో, కొండ మీద ఉన్న ఆలిసో కాన్యన్ గ్యాస్ నిల్వ కేంద్రంలో ఒక బావి లీకవుతున్నట్టు సిబ్బంది గమనించారు. బావి పేరు ఎస్‌ఎస్-25. దాన్ని అదుపు చేసేసరికి 2016 ఫిబ్రవరి 11 వచ్చింది. ఈలోగా దాదాపు లక్ష టన్నుల మీథేన్ గాల్లో కలిసిపోయింది. కొండ కింద పోర్టర్ రాంచ్‌లో ఉండేవాళ్లకు తలనొప్పులు, వికారం, ముక్కులోంచి రక్తం. సుమారు 8,000 కుటుంబాలు ఇళ్లు వదిలి హోటళ్లకూ అద్దె ఇళ్లకూ మారాయి. మంట లేదు, పేలుడు లేదు. అయినా అమెరికాలో నమోదైన సహజవాయువు లీకుల్లో ఇదే అతి పెద్దది.

ఆ బావిలో గ్యాస్‌కీ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య, పైభాగంలో చాలా మేర, ఒకే ఒక ఉక్కు గొట్టం అడ్డుగా ఉంది. అలా ఉండకూడదని అప్పటికి ఏ ఫెడరల్ నిబంధనా లేదు. వీధిలో వేసే గ్యాస్ పైపుకి వెల్డింగ్ ఎలా ఉండాలో, ఎప్పుడెప్పుడు తనిఖీ చేయాలో దశాబ్దాలుగా నియమాలున్న దేశంలో, అదే గ్యాస్ నేల కింద రెండు మూడు కిలోమీటర్ల లోతున దాచిన చోట మాత్రం అవి ఎందుకు లేకపోయాయి?

గ్యాస్‌ని భూమిలో ఎందుకు దాస్తారు

చలిదేశాల్లో గ్యాస్ వాడకం ఏడాదంతా ఒకేలా ఉండదు. చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి విపరీతంగా కావాలి, వేసవిలో అంత అక్కర్లేదు. పైప్‌లైన్ మాత్రం రోజుకి ఇంత అని ఒకే తీరున మోస్తుంది. అందుకే మిగిలిన రోజుల్లో గ్యాస్‌ని భూమిలోకి ఎక్కించి, గిరాకీ ఉన్న రోజుల్లో తీసుకుంటారు. కెనడాలోని ఒంటారియోలో 1915లోనే ఈ ప్రయోగం చేశారు. ఇప్పుడు అమెరికాలో ఇలాంటి కేంద్రాలు 400 దాకా ఉన్నాయి.

దాచే చోట్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, చమురో గ్యాసో తోడేసిన పాత క్షేత్రం. అక్కడ పెద్ద గుహలాంటిదేమీ ఉండదు. ఇసుకరాయి రేణువుల మధ్య సందుల్లో గ్యాస్ ఇముడుతుంది, పైన గట్టి రాతి పొర మూతలా ఆపుతుంది. అమెరికాలో అత్యధికం ఈ రకమే, ఆలిసో కాన్యన్ కూడా. రెండోది ఉప్పు గుహ: భూమిలోని ఉప్పు పొరలోకి నీళ్లు పంపి, కరిగిన ఉప్పుని తోడేస్తే మిగిలే ఖాళీ. మూడోది నీటితో నిండిన రాతి పొర; నీటిని పక్కకి నెట్టి గ్యాస్ నింపుతారు. మూడింట్లోనూ కొంత గ్యాస్‌ని ఎప్పటికీ బయటికి తీయరు. మిగతా గ్యాస్ పైకి రావడానికి కావలసిన ఒత్తిడి దానివల్లే నిలుస్తుంది.

లక్షల ఏళ్లు గ్యాస్‌ని పట్టి ఉంచిన రాయి కాబట్టి ఇకముందూ పట్టి ఉంచుతుందన్నది ఈ పద్ధతికి ఉన్న ధీమా. పాత క్షేత్రాల విషయంలో ఆ ధీమా చాలావరకు సరైనదే. కానీ ఆ రాతి మూతకి మనమే చిల్లులు పెట్టాం.

ఒక్క గొట్టం మీద ఆధారపడ్డ బావి

గ్యాస్ బావి తవ్వాక అందులోకి దించే ఉక్కు గొట్టాన్ని కేసింగ్ అంటారు. దాని చుట్టూ కొంత లోతు వరకు సిమెంటు పోస్తారు. కేసింగ్ లోపల ఇంకో సన్నటి గొట్టం దించుతారు, అది ట్యూబింగ్. ట్యూబింగ్ అడుగున, దానికీ కేసింగ్‌కీ మధ్య సందుని మూసే రబ్బరు బిగింపు ప్యాకర్. గ్యాస్ ట్యూబింగ్‌లోంచి మాత్రమే నడిస్తే, అది చిల్లు పడినా బయట కేసింగ్ కాపు ఉంటుంది. సందులో ఒత్తిడి పెరిగితే పైన మీటరు చూపిస్తుంది. అంటే రెండు గోడలు, ఒక హెచ్చరిక.

ఎస్‌ఎస్-25 అలా నడవలేదు. 1953లో చమురు కోసం తవ్విన బావి అది. 1973లో గ్యాస్ నిల్వకి మార్చారు. ఎక్కువ గ్యాస్ ఎక్కించి దించడం కోసం ట్యూబింగ్‌లోంచీ, దాని చుట్టూ ఉన్న సందులోంచీ కూడా నడిపారు. లోతులో ఉండే భద్రతా వాల్వుని 1979లో తీసేశారు, మళ్లీ పెట్టలేదు. అలా బయటి కేసింగే ఏకైక గోడ అయింది.

ఆ కేసింగ్ 892 అడుగుల లోతున చీలింది. దర్యాప్తు చేసిన బ్లేడ్ ఎనర్జీ పార్ట్‌నర్స్ సంస్థ 2019 మే నెలలో ఇచ్చిన నివేదిక ప్రకారం, భూగర్భజలం తగిలిన చోట సూక్ష్మజీవుల వల్ల గొట్టం బయటివైపు నుంచి తుప్పు పట్టింది. కొన్ని చోట్ల గోడ మందంలో 85 శాతం దాకా పోయింది.

85 శాతం పోవడమంటే ఏమిటో ఒక లెక్కతో చూద్దాం. ఏడంగుళాల గొట్టం, గోడ మందం 8 మిల్లీమీటర్లు, లోపలి ఒత్తిడి 2,700 పీఎస్ఐ అనుకుందాం. కారు టైరులో ఉండేది 30 చిల్లర, అంటే దానికి 90 రెట్లు. గోడ మంచిగా ఉన్నప్పుడు ఆ ఉక్కు మీద పడే బిగువు సుమారు 30,000 పీఎస్ఐ. ఆ కాలంలో బాగా వాడిన ఒక రకం ఉక్కు 55,000 దాకా తట్టుకుంటుంది, కాబట్టి ఇబ్బంది లేదు. గోడ 4 మిల్లీమీటర్లకు తగ్గితే బిగువు 60,000 అవుతుంది, హద్దు దాటినట్టే. 85 శాతం పోయి 1.2 మిల్లీమీటర్లే మిగిలితే లెక్క రెండు లక్షలకు చేరుతుంది. తుప్పు ఒక మచ్చలా పట్టినప్పుడు చుట్టూ ఉన్న మంచి ఉక్కు కొంత ఆదుకుంటుంది కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు. కానీ తుప్పు పెరుగుతున్నన్నాళ్లూ పైకి ఏమీ తెలియకుండా నడిచిన బావి ఒక్క రోజులో ఎలా చీలుతుందో దీంతో అర్థమవుతుంది.

ముందే పట్టుకోలేదా? ఏటా బావిలోకి థర్మామీటరు దించి చూసేవారు. గ్యాస్ సన్నగా కారితే అక్కడ వ్యాకోచించి చల్లబడుతుంది, ఉష్ణోగ్రత గీత ఆ లోతులో కిందికి వంగుతుంది. తెలివైన పద్ధతే. కాకపోతే అది కారడం మొదలయ్యాకే చెబుతుంది, గోడ పలచబడుతోందని చెప్పదు. పలచబడటం తెలియాలంటే అయస్కాంత లేదా అల్ట్రాసోనిక్ పరికరం దించాలి, దానికి ముందు ట్యూబింగ్ మొత్తాన్ని పైకి లాగాలి. ఆ కేంద్రంలో 1970ల నుంచి 60కి పైగా కేసింగ్ లీకులు వచ్చినా, అవి ఎందుకు వచ్చాయో దాన్ని నడిపే గ్యాస్ సంస్థ తరచి చూడలేదని అదే నివేదిక తేల్చింది. నా దృష్టిలో ఆ నివేదిక మొత్తంలో బరువైన వాక్యం అదే. బరువైన ద్రవం పంపి బావిని అణచడానికి చేసిన ఏడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. సరైన లెక్కలు కట్టి ఉంటే నవంబరులోనే ఆపగలిగేవారని కూడా అందులో ఉంది. చివరికి పక్కనుంచి ఇంకో బావి తవ్వి, అడుగున దీన్ని అందుకుంటే గానీ లొంగలేదు.

ఇరవై ఏళ్లు చేతులు మారిన బాధ్యత

చట్టం సంగతికి రావాలంటే 1992కి వెళ్లాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్సస్‌లోని బ్రెనమ్ దగ్గర ద్రవ ఇంధనం దాచిన ఒక ఉప్పు గుహ పొంగి పేలుడు జరిగింది, ముగ్గురు చనిపోయారు. భూగర్భ నిల్వలకు జాతీయ నియమాలు పెట్టమని ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ సిఫారసు చేసింది. పైప్‌లైన్ల భద్రత చూసే ఫెడరల్ విభాగం ఆలోచించి, ఒక్కో చోట భూమి ఒక్కోలా ఉంటుంది, అందరికీ ఒకే నియమం కుదరదు, రాష్ట్రాలూ పరిశ్రమా చూసుకుంటాయి అని 1997లో ఫైలు మూసేసింది. వాదనలో పస లేకపోలేదు. కానీ దాని ఫలితం, ఫెడరల్ నియమాలు బావి మూతి దాకా వచ్చి ఆగిపోయాయి. మూతి పైన ఉన్న పైపుకి అడుగడుగునా రూలు. మూతి కింద ఉన్న పైపుకి, రాష్ట్రం ఏదైనా అంటే అది, లేకపోతే లేదు.

2001 జనవరిలో కాన్సస్‌లోని హచిన్సన్ ఊరి నడిబొడ్డున రెండు దుకాణాలు పేలిపోయాయి. అంతటితో ఆగలేదు. ఊళ్లో అక్కడక్కడ నేలలోంచి గ్యాస్, ఉప్పునీళ్లు ఫౌంటెన్లలా ఎగిశాయి. మర్నాడు ఊరి చివర ఒక మొబైల్ హోమ్ పేలి ఇద్దరు చనిపోయారు. ఆరా తీస్తే ఆ గ్యాస్ సుమారు ఏడు మైళ్ల దూరంలోని యాగీ అనే ఉప్పు గుహల నిల్వ కేంద్రానిది. అక్కడ ఒక బావి కేసింగ్‌కి చిల్లు పడింది. గ్యాస్ పగుళ్లున్న రాతి పొర వెంట ఏడు మైళ్లు పాకి, ఎప్పుడో ఉప్పు తీయడానికి తవ్వి అందరూ మరిచిపోయిన పాత బోర్లలోంచి ఊళ్లోకి వచ్చింది. నిల్వ కేంద్రం కంచె లోపల ఎంత జాగ్రత్త పడినా చాలదు, చుట్టుపక్కల పాత బోర్లన్నిటికీ పటం ఉండాలన్నది హచిన్సన్ తర్వాతే గట్టిగా వినిపించింది.

కాన్సస్ గట్టి నియమాలు రాసుకుంది. అక్కడ ఒక మెలిక పడింది. రాష్ట్రాల మధ్య గ్యాస్ అమ్మే కేంద్రాలు ఫెడరల్ ప్రభుత్వం పరిధిలోవి, రాష్ట్రం వాటి భద్రతని శాసించలేదని ఒక సంస్థ కోర్టుకెళ్లింది. 2010లో ఫెడరల్ జిల్లా కోర్టు అవునంది. రాష్ట్రానికి అధికారం లేదు. అధికారం ఉన్న ఫెడరల్ విభాగం దగ్గర నియమాలు లేవు. అలా ప్రాణాలు పోయిన రాష్ట్రంలోనే, అంతర్రాష్ట్ర నిల్వ బావుల మీద ఏళ్ల తరబడి ఎవరి తనిఖీ లేదు.

ఆలిసో కాన్యన్ లీకు వార్తలకెక్కాక గానీ పార్లమెంటు కదల్లేదు. 2016 జూన్‌లో వచ్చిన పైప్స్ చట్టం, రెండేళ్లలో కనీస భద్రతా నియమాలు పెట్టమని పైప్‌లైన్ భద్రతా సంస్థ పీహెచ్‌ఎంఎస్‌ఏని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వ టాస్క్‌ఫోర్స్ 44 సిఫారసులు చేసింది. ఒక్క గోడ చెడితే మొత్తం చెడే బావుల్ని క్రమంగా వదిలించుకోవాలన్నది వాటిలో ముఖ్యమైనది.

పరిశ్రమ రాసిన ప్రమాణమే చట్టమైతే

పీహెచ్‌ఎంఎస్‌ఏ 2016 డిసెంబరులో తాత్కాలిక నియమం తెచ్చింది. కొత్తగా రాయలేదు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ అప్పటికే తయారు చేసిన రెండు ప్రమాణాల్ని, ఉప్పు గుహలకు 1170, పాత క్షేత్రాలకూ నీటి పొరలకూ 1171, యథాతథంగా చట్టంలోకి తీసుకుంది. అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఆ ప్రమాణాల్లో కొన్ని అంశాలు తప్పనిసరి, కొన్ని సూచనలు. తాత్కాలిక నియమం సూచనల్ని కూడా తప్పనిసరి చేసింది. పాటించకపోతే ఎందుకో రాతపూర్వకంగా చూపించాలంది.

గ్యాస్ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. నిపుణులు కూర్చుని రాసినప్పుడు కొన్నిటిని కావాలనే సూచనలుగా ఉంచారని, వాటన్నిటినీ ఆజ్ఞలుగా మారిస్తే డబ్బూ మనుషులూ ప్రమాదం తక్కువున్న చోట ఖర్చయి, ఎక్కువున్న చోటికి చాలకుండా పోతారని వాళ్ల వాదన. అవతలి వాదన కూడా సూటిగానే ఉంది. నియంత్రించబడే పరిశ్రమ రాసిన పుస్తకాన్నే చట్టం చేసి, అందులో ఐచ్ఛికమైనవి ఐచ్ఛికంగానే వదిలేస్తే, ఏది చేయాలో ఏది మానాలో చివరికి సంస్థే నిర్ణయించుకుంటుంది కదా అని. 2020 ఫిబ్రవరి నాటి తుది నియమం మొదటి వాదన వైపు మొగ్గింది: సూచనలు సూచనలుగానే మిగిలాయి. బదులుగా ప్రతి కేంద్రానికీ లిఖితపూర్వక రిస్క్ అంచనా, బావుల తనిఖీకి గడువులు పెట్టింది. బావులన్నిటి తొలి తనిఖీ 2027 మార్చి నాటికి పూర్తి కావాలి. ఆ తర్వాత మళ్లీ చూడటానికి ఏడేళ్లకు మించకూడదు.

ఏడేళ్లా, రెండేళ్లా?

కాలిఫోర్నియా 2018 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన సొంత నియమాలు ఇంకా కఠినం. గ్యాస్ ట్యూబింగ్‌లోంచి మాత్రమే నడవాలి. కేసింగ్ మందం, ఒత్తిడి పరీక్షలకు మామూలుగా రెండేళ్ల గడువు.

ఏది సబబన్నది తుప్పు వేగాన్ని బట్టి ఉంటుంది. ఒక బావి గోడ ఇప్పుడు 6 మిల్లీమీటర్లుందనుకోండి, 4 కంటే తగ్గకూడదని మన హద్దు. ఏటా 0.2 తగ్గుతుంటే హద్దుకి చేరడానికి పదేళ్లు. ఏడేళ్ల గడువు సరిపోతుంది, రెండేళ్లకోసారి చూడటం వృథా ఖర్చు. అదే ఏటా 0.5 తగ్గితే నాలుగేళ్లలో హద్దు దాటుతుంది, ఏడో ఏడు చూసేసరికి మిగిలేది 2.5. కాబట్టి ఒక్కో బావి తుప్పు వేగాన్ని బట్టి గడువు పెట్టాలనే వాళ్ల మాట సహేతుకమే. చిక్కల్లా, వేగం తెలియాలంటే కనీసం రెండుసార్లు కొలిచి ఉండాలి. ఎస్‌ఎస్-25 లాంటి పాత బావులకు ఆ మొదటి కొలతే లేదు.

రెండేళ్ల తనిఖీని వ్యతిరేకించేవాళ్లు చెప్పే ఇంకో కారణాన్ని బయటివాళ్లు అంతగా పట్టించుకోరు. బావిలో ట్యూబింగ్ పైకి లాగాలంటే ముందు బరువైన ద్రవంతో దాన్ని అణచాలి, రిగ్గు తేవాలి, మనుషులు మూతి దగ్గర నిలబడి పని చేయాలి. బ్లోఅవుట్లు, అంటే బావి అదుపు తప్పి గ్యాస్ ఎగజిమ్మడాలు, ఇలాంటి మరమ్మతుల్లోనూ జరుగుతాయి. నిమ్మళంగా ఉన్న బావిని పదేపదే తెరవడం కూడా ప్రమాదమే. ట్యూబింగ్ తీయకుండానే బయటి గొట్టాన్ని అంచనా వేసే పరికరాలు వస్తున్నాయి, కానీ వాటి కొలత అంత కచ్చితంగా ఉండదు.

ట్యూబింగ్‌లోంచే నడపాలన్న షరతుకీ మూల్యం ఉంది. ఏడంగుళాల కేసింగ్ లోపలి వ్యాసం సుమారు 6.3 అంగుళాలు, మామూలు ట్యూబింగ్‌ది 2.4. గ్యాస్ నడిచే దారి వైశాల్యం దాదాపు ఏడో వంతుకి పడిపోతుంది. అదే గ్యాస్ తీయాలంటే పెద్ద ట్యూబింగ్ దించాలి, లేదా ఇంకొన్ని బావులు తవ్వాలి, లేదా చలి ముదిరిన రోజున తక్కువతో సర్దుకోవాలి. చివరికి ఆ ఖర్చు గ్యాస్ బిల్లులోకే వస్తుంది.

మూసెయ్యాలా, నడపాలా

పోర్టర్ రాంచ్ వాసుల్లో చాలామంది మొదటి నుంచీ అడిగేది ఒకటే: ఆ కేంద్రాన్ని మూసెయ్యండి. సుమారు 35,000 మంది బాధితులకు 180 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి సంస్థ 2021లో ఒప్పుకుంది. ఆరోగ్యం మీద దీర్ఘకాలిక ప్రభావం ఎంతన్న టెన్షన్ మాత్రం వాళ్లలో పోలేదు. పర్యావరణ ఉద్యమకారులది ఇంకో లెక్క. లక్ష టన్నుల మీథేన్ వందేళ్ల కొలమానంలో సుమారు 28 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇరవై ఏళ్ల కొలమానంలో 80 లక్షలు దాటుతుంది. ఒక్క గొట్టం ఇంత చేస్తే ఆ వ్యవస్థనే వదులుకోవాలంటారు.

అటు చూస్తే, ఆ ప్రాంతంలో చలి ముదిరినా, ఎండలకు ఏసీలన్నీ ఒక్కసారి నడిచి కరెంటు గిరాకీ పెరిగినా, పైప్‌లైన్లు ఒక్కటే చాలవు. రాష్ట్ర యుటిలిటీ కమిషన్ నిర్ణయాల్లోనే ఈ ఊగిసలాట కనిపిస్తుంది. మొదట 86 బిలియన్ ఘనపుటడుగులున్న నిల్వని 2020లో 34కి పరిమితం చేశారు. 2021లో 41కి, గ్యాస్ ధరలు భగ్గుమన్నాక 2023లో 68.6కి పెంచారు. 2024 డిసెంబరులో ఒక షరతు పెట్టారు: రోజువారీ గరిష్ఠ గిరాకీ అంచనా 4,121 మిలియన్ ఘనపుటడుగులకు తగ్గితే మూసివేత ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. తేదీ లేదు. మూయాలనేవాళ్లకి అది వాయిదా, నడపాలనేవాళ్లకి ఊరట.

నియమాలు వచ్చినంత మాత్రాన లీకులు ఆగిపోలేదు. 2022 నవంబరులో పెన్సిల్వేనియాలోని రేగర్ మౌంటెన్‌లో 1960ల నాటి నిల్వ బావి రెండు వారాల పాటు గ్యాస్ వెదజల్లింది. అక్కడా కారణం కేసింగ్‌కి పట్టిన తుప్పే.

మన దగ్గర ఉన్నది, రాబోయేది

మన దేశంలో పాత క్షేత్రాల్లో సహజవాయువు దాచే కేంద్రాలు ఇంకా లేవు. విశాఖపట్నంలో ఉన్నది వేరే రకం: గట్టి రాతిని తొలిచి కట్టిన ఎల్‌పీజీ గుహ. హెచ్‌పీసీఎల్, ఫ్రెంచి సంస్థ టోటల్ కలిసి కట్టాయి, సామర్థ్యం 60,000 టన్నులు. సముద్రమట్టానికి 150 మీటర్లకు పైగా లోతున ఉంటుంది. ముడి చమురుకి 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక గుహ కూడా విశాఖలోనే ఉంది. వీటిలో గ్యాస్‌ని ఆపేది ఉక్కు గోడ కాదు, రాతి పగుళ్లలో ఉండే నీళ్లు. పది మీటర్ల నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి, కాబట్టి 150 మీటర్ల నీటికి 15 బార్లు. ఎల్‌పీజీ ఆవిరి ఒత్తిడి అంతకంటే తక్కువే కాబట్టి నీరే లోపలికి ఊరుతుంది, గ్యాస్ బయటికి పోదు. ఆ నీటిమట్టం పడిపోకుండా గుహ పైన బోర్లు వేసి నీళ్లు పంపుతూనే ఉంటారు. అంటే ఇక్కడ చూసుకోవలసింది తుప్పుని కాదు, నీటిని. ఆలిసో కాన్యన్ చూసి విశాఖ గుహ గురించి భయపడటంలో అర్థం లేదు.

పాత గ్యాస్ క్షేత్రాల్ని వ్యూహాత్మక నిల్వలకు వాడాలన్న ఆలోచన ఢిల్లీలో కొన్నేళ్లుగా నలుగుతోంది. అది నిజమైతే కృష్ణా-గోదావరి ప్రాంతం లాంటి చోట్ల ప్రశ్న మారుతుంది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ 65 రోజులు మండింది, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా చనిపోయారు. మొదటిది బావి, రెండోది పైపు. మన చట్టం కూడా వాటిని వేర్వేరు చేతుల్లో పెట్టింది: నేల మీద చమురు, గ్యాస్ బావుల భద్రత గనుల భద్రతా డైరెక్టరేట్‌ది, పైప్‌లైన్లది పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి పీఎన్‌జీఆర్‌బీది. ముప్పై ఏళ్ల కిందట గ్యాస్ తీయడానికి తవ్విన బావిలోకి రేపు పైప్‌లైన్ గ్యాస్‌నే ఎక్కిస్తే, ఆ కేసింగ్ మందాన్ని కొలిపించి రిజిస్టరులో రాయించే అధికారి ఈ ఇద్దరిలో ఎవరన్నది తొలి బావికి అనుమతి ఇచ్చే ముందే తేలాల్సి ఉంటుంది.